బ్లాక్‌బియర్డ్ దెయ్యమా, కెప్టెన్ కిడ్ దెయ్యమా?

పైరేట్ దెయ్యాల్లో ఎవరిది గట్టి కథ అంటే నా ఓటు బ్లాక్‌బియర్డ్‌కే. 1718 నవంబర్ 22న నార్త్ కరోలినాలో ఓక్రకోక్ దీవి దగ్గర బ్రిటిష్ నేవీ లెఫ్టినెంట్ మేనార్డ్ మనుషులతో కొట్లాటలో చచ్చాడు, ఒంటి మీద 5 తుపాకీ గాయాలు, కత్తి వేట్లు 20 దాకా ఉన్నాయట, తల నరికి ఓడ ముందు కొయ్యకి వేలాడదీసి మొండాన్ని నీళ్లలో పడేశారు. ఇక్కడిదాకా చరిత్రే. ఆ మొండెం ఓడ చుట్టూ ఈదిందనేది జనం కలిపిన మసాలా అన్నమాట. ఇప్పటికీ అక్కడ రాత్రిపూట నీళ్ల మీద ఏదైనా వెలుగు కనిపిస్తే తల కోసం తిరుగుతున్నాడు అంటారు, దానికి టీచ్ లైట్ అని పేరు కూడా పెట్టేశారు (టీచ్ అనేది బ్లాక్‌బియర్డ్ ఇంటిపేరు).

కిడ్ చావు కూడా తక్కువేం కాదు. 1701 మే 23న లండన్‌లో ఉరి తీస్తే మొదటిసారి తాడు తెగింది, మళ్లీ ఎక్కించారు, తర్వాత శవాన్ని థేమ్స్ ఒడ్డున టిల్‌బరీ దగ్గర వేలాడదీశారు. కానీ ఆయన దెయ్యం కథలన్నీ నిధి చుట్టూనే. నిధితో పాటు ఒక నావికుడిని చంపి పూడ్చారని, వాడి ఆత్మే కాపలా అని, అచ్చం మన లంకెబిందెల టైపు. కామెడీ ఏంటంటే 1699లో న్యూయార్క్ దగ్గరి గార్డినర్స్ దీవిలో కిడ్ పాతింది గవర్నర్ అప్పుడే తవ్వించేశాడు. మరి ఆ దెయ్యం దేనికి కాపలా కాస్తోందో!