ఎఫ్‌పీవీ గాగుల్స్: బాక్స్ మేలా, రెండు లెన్సులవి మేలా?

సంక్రాంతి దగ్గరపడిందంటే చాలు, మన కోనసీమ కుర్రాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: ‘అన్నా, ఎఫ్‌పీవీ మొదలుపెడుతున్నా, ఏ గాగుల్స్ కొనమంటావ్?’ ఎఫ్‌పీవీ అంటే డ్రోన్ కెమెరా చూసేదాన్ని కళ్లకి పెట్టుకున్న గాగుల్స్‌లో చూస్తూ ఎగరేయడం. అందరూ వీడియో సిగ్నల్ అనలాగా, డిజిటలా అన్న దగ్గరే ఆగిపోతున్నారు. నన్నడిగితే దానికన్నా ముందు తేలాల్సింది మీ కంటి సంగతి.

బాక్స్ రకంలో ఒకే స్క్రీన్, దాని ముందు పెద్ద లెన్సు. ముఖం మీద కాస్త బరువే, కానీ కళ్లజోడు తీయకుండా పెట్టుకోవచ్చు. అనలాగ్‌లో ఈవీ800డీ, డిజిటల్‌లో డీజేఐ ఎన్3 ఈ కోవలోవే.

రెండో రకంలో కంటికో చిన్న స్క్రీన్. ఇందులో కంటిపాపల మధ్య దూరం, పవర్ రెండూ సరిచేసుకోవాలి. డీజేఐ గాగుల్స్ 3లో దూరం 56 నుంచి 72 మిల్లీమీటర్లు, పవర్ +2 నుంచి -6 దాకా తిరుగుతుంది. అయితే మీ కంటి డాక్టరు చీటీలో సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజంకి రాసేది) ఉంటే పవర్ నాబ్ ఎంత తిప్పినా లాభం లేదు. విడిగా లెన్సులు చేయించుకోవాలి, లేదంటే బాక్స్ తీసుకోవాలి.

సరిచేసుకునేటప్పుడు ప్రొపెల్లర్లు తీసేసి డ్రోన్‌ని బల్ల మీద పెట్టండి. వీడియో ట్రాన్స్‌మిటర్ వేడెక్కిపోతుంది, పక్కన ఫ్యాన్ తిరగనివ్వండి. ఒక కన్ను మూసి, స్క్రీన్ మూలన ఉన్న బ్యాటరీ వోల్టేజ్ అంకెలు స్పష్టంగా కనిపించేదాకా నాబ్ తిప్పండి. తర్వాత రెండో కన్ను. ఆపైన రెండూ తెరిచి, బొమ్మ ఒక్కటిగా కలిసేదాకా దూరం జరపండి. బ్యాటరీ ఒక్కో సెల్‌కి 3.5 వోల్టులకు వచ్చిందంటే దించేయాలి కదా, 3.5కీ 3.8కీ తేడా తెలియని గాగుల్స్‌తో డ్రోన్‌ని కాలువ దాటించకండి. ఎంత ఖరీదైనవైనా సరే. అందుకే కొనేముందు ఎవరివైనా అడిగి ఓ పావుగంట పెట్టుకుని చూడండి.

ఇక అనలాగా, డిజిటలా? 5.8 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి కొబ్బరితోట పెద్ద అడ్డంకి. వానకి మట్టలు తడిస్తే మరీనూ. అనలాగ్‌లో బొమ్మ మీద చుక్కలు ముసురుకుంటూ వస్తాయి, వెనక్కి తిప్పడానికి టైముంటుంది. డిజిటల్‌లో బొమ్మ చాలాసేపు శుభ్రంగానే ఉండి, ఉన్నట్టుండి ముక్కలై ఆగిపోతుంది. వీడియోలు తీయడమే మీ పనైతే డిజిటల్‌కే వెళ్లండి. చెట్ల మధ్య నేర్చుకునేవాళ్లకి మాత్రం నా ఓటు అనలాగ్‌కే, అదీ ఫోకస్ సరిచేసుకోగల స్కైజోన్ 04ఎక్స్ లాంటి రెండు లెన్సుల వాటికి. డిజిటల్‌లోనే ఇంకో రకమైన హెచ్‌డీజీరో రేసింగ్ వాళ్లకి నప్పుతుంది. మరో డిజిటల్ రకం వాక్‌స్నెయిల్ కూడా బాగానే ఉంటుంది, మీ జట్టులో అందరూ అదే వాడుతుంటే తీసుకోండి.

మన ఉక్కపోతకి లెన్సులు ఇట్టే మసకబారతాయి. ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే పెట్టుకోకండి, ముందు గాగుల్స్ ఫ్యాన్ వేయండి. లెన్సులు ఎండకి ఎదురుగా మాత్రం పెట్టొద్దు, స్క్రీన్ కాలిపోతుంది.

కంప్యూటర్‌లో డ్రోన్ ఎగరేసే సిమ్యులేటర్‌లో చెయ్యి కుదిరాక, దాళ్వా కోతలైపోయిన ఖాళీ చేలో మొదలుపెట్టండి. కుర్చీ వేసుకుని కూర్చుంటే తూలిపడరు. పక్కన డ్రోన్‌నే చూస్తూ ఉండే మనిషి ఒకరుండాలి: గాగుల్స్ పెట్టుకున్నాక కరెంటు తీగా, గట్టు మీద వచ్చే మనిషీ మీకు కనబడరు. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ప్రభల మీదుగా తిప్పాలన్న సరదా నాకూ తెలుసు, కానీ జనం నెత్తిన వద్దు.