పర్వతం వయసు అడగాలంటే జిర్కాన్, మోనజైట్, గార్నెట్‌లలో ఏది మేలు?

ఖండాలు ఢీకొని నేల ముడతలు పడినప్పుడు కొన్ని రాళ్లు లోతుకు దిగిపోతాయి. అక్కడి వేడికీ ఒత్తిడికీ వాటిలో కొత్త ఖనిజాలు పెరుగుతాయి. జిర్కాన్, మోనజైట్, గార్నెట్ అలాంటి ఖనిజాలే. వాటిలోని రేడియోధార్మిక మూలకాలు తెలిసిన వేగంతో వేరే మూలకాలుగా మారుతుంటాయి, అవే మనకు గడియారాలు.

చాలామంది ముందు జిర్కాన్‌నే వెతుకుతారు. ఏర్పడేటప్పుడు అది యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి ఇప్పుడు అందులో కనిపించే సీసం చాలావరకు యురేనియం నుంచి వచ్చిందే. యురేనియం-238 అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235ది సుమారు 70 కోట్ల ఏళ్లు. రెండూ ఒకే గింజలో ఉండటంతో ఒక లెక్కను ఇంకొకటి సరిచూస్తుంది. 900 డిగ్రీల వేడికి కూడా సీసం తేలిగ్గా బయటికి పోదు. పర్వతాల దగ్గరికి వచ్చేసరికి ఈ మొండితనమే చిక్కు తెస్తుంది. గింజ నడుమ ఎప్పటిదో పాత వయసు అలాగే ఉండిపోతుంది, కొత్త వేడికి గుర్తుగా అంచున ఒక పలుచని పొర మాత్రం వస్తుంది. ఆ పొర రాయి వేడెక్కుతుంటే వచ్చిందా, చల్లారుతుంటే వచ్చిందా? తేదీ ఒక్కటే చూస్తే తెలియదు.

బురద గట్టిపడి, ఆపైన మారిన రాళ్లలో నేను మోనజైట్‌నే ముందు చూస్తాను. గార్నెట్ పెరిగేటప్పుడు యిట్రియం అనే మూలకాన్ని తనవైపు లాగేసుకుంటుంది, అందుకే ఆ కాలపు మోనజైట్ పొరలో అది తక్కువ. గార్నెట్ విరిగిపోతే మళ్లీ ఎక్కువ. అంటే తేదీతో పాటు అప్పుడు రాయిలో ఏం జరుగుతోందో కూడా కొంత తెలుస్తుంది. కానీ వేడి ద్రవాలు తగిలితే మోనజైట్ కరిగి మళ్లీ పెరుగుతుంది. హిమాలయాల్లాంటి కుర్ర పర్వతాల్లో ఇంకో జాగ్రత్త కావాలి. యురేనియం-238 సీసం-206గా మారే దారిలో థోరియం-230 వస్తుంది; మోనజైట్ పుట్టినప్పుడే అది అదనంగా చేరడం వల్ల సీసం-206 పెరిగి, వయసు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ థోరియం-232 నుంచి సీసం-208 లెక్కే నమ్మదగ్గది.

నా ఓటు మాత్రం గార్నెట్‌కే. ఎంత లోతులో, ఎంత వేడిలో పెరిగిందో చెప్పే ఆధారాలు, వయసు చెప్పే ఆధారం ఒకే స్ఫటికంలో దొరుకుతాయి. హాఫ్నియంగా మారే లుటీషియం ఎక్కువగా స్ఫటికం నడుమ చేరుతుంది కాబట్టి లుటీషియం-హాఫ్నియం లెక్క పెరుగుదల మొదలును చూపిస్తుంది. అలాంటిదే మరో జంట మూలకాల మీద నడిచే సమేరియం-నియోడిమియం లెక్క తరచుగా తర్వాతి దశ వైపు మొగ్గుతుంది. అమెరికాలోని ఆగ్నేయ వెర్మాంట్‌లో సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి గార్నెట్ల నడుమనూ అంచునూ రుబీడియం-స్ట్రాన్షియం పద్ధతిలో విడివిడిగా కొలిచి, అవి పెరగడానికి సగటున కోటీ 5 లక్షల ఏళ్లు పట్టిందని 1989లో తేల్చారు. తేడా 42 లక్షల ఏళ్లు అటూ ఇటూ ఉండొచ్చు, అయినా ఒక పర్వతం కదలికకు వ్యవధి దొరకడం ఎంత గొప్ప సంగతి!

దీనికి శ్రమ మాత్రం చాలా ఎక్కువ. లుటీషియం-176 అర్ధాయువు దాదాపు 3,700 కోట్ల ఏళ్లు, అందుకే కొలవాల్సిన మార్పు చాలా చిన్నది. జిర్కాన్‌లో హాఫ్నియం ఎక్కువ, కాబట్టి లోపల కంటికి కనబడని జిర్కాన్ నలుసు ఉన్నా హాఫ్నియం లెక్క తప్పుతుంది.

ఇక అభ్రకం. సుమారు 300 నుంచి 400 డిగ్రీలకు చల్లబడ్డాకే, పొటాషియం నుంచి పుట్టే ఆర్గాన్ వాయువు అందులో నిలుస్తుంది. అది సాధారణంగా చెప్పేది రాయి చల్లారిన కాలం.

పలుచగా కోసిన రాతి ముక్క చేతికొస్తే నేను వెతికేది గార్నెట్ లోపల చిక్కుకున్న మోనజైట్ గింజను. అది తన చుట్టూ ఉన్న గార్నెట్ కన్నా ముందే పుట్టి ఉండాలి, పైగా గార్నెట్ దాన్ని ద్రవాల నుంచి కాపాడుతుంది. పగులు పక్కన ఉన్న గింజను మాత్రం లెక్కలోకి తీసుకోను, పగులు వెంట ద్రవం అక్కడిదాకా చేరి ఉండొచ్చు.