లేబుల్ చదవడానికి ఫోన్ మేలా, పదిహేను జర్మన్ మాటలు మేలా?

అక్టోబరు వచ్చిందంటే చాలు, వింటర్ సెమిస్టర్‌కి కొత్తగా జర్మనీ వచ్చిన పిల్లలు నన్ను ఇదే అడుగుతారు: "అక్కా, సూపర్ మార్కెట్లో ప్యాకెట్ల మీద అంతా జర్మనే. ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసుకుంటే సరిపోతుందా, మాటలు నేర్చుకోవాలా?" అడిగేవాళ్లలో చాలామంది గుడ్డు కూడా ముట్టని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకి ఇది చిన్న విషయం కాదు, నాకూ కాదు.

మొదటి నెల ఫోన్ లేకుండా గడవదు. ఎలా వండాలి, తెరిచాక ఎన్ని రోజుల్లో వాడాలి లాంటి పెద్ద వాక్యాలు అది బాగానే చెబుతుంది. జర్మన్ భాషని ముందే ఫోన్‌లోకి దించుకోండి, బేస్‌మెంట్‌లో ఉన్న షాపుల్లో సిగ్నల్ దొరకదు. ఇబ్బందల్లా పదార్థాల జాబితా దగ్గరే. చిన్నక్షరం ఎత్తు 1.2 మిల్లీమీటర్లుంటే చాలని యూరోపియన్ యూనియన్ నియమం. మెరిసే కవరు మీద, గుండ్రటి డబ్బా మీద ఆ అక్షరాలు కెమెరాకి సగమే అందుతాయి. ఆ సగమే దానికి ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే జర్మన్‌లో నాలుగు మాటలు కలిసి ఒకే మాటైపోతాయి.

నా మనసు మార్చిన మాట ఒకటుంది: ఐవైస్. గుడ్డులోని తెల్లసొననీ ఐవైస్ అంటారు, ప్రొటీన్‌నీ ఐవైస్ అంటారు. వచ్చిన కొత్తలో మామూలు పెరుగు డబ్బా మీద కెమెరా పెడితే "ఎగ్ వైట్" అని చూపించింది. అది పోషకాల పట్టికలోని ప్రొటీన్ వరస. నేను డబ్బా తిరిగి పెట్టేసి వారం రోజులు పెరుగు లేకుండా తిన్నాను. మరోసారి కూరగాయల ప్యాటీల ప్యాకెట్ మీద "చికెన్ ప్రొటీన్" అని వస్తే నా రూమ్మేట్ కళ్లనీళ్లు పెట్టుకుంది, అప్పటికే ఒకటి తినేసింది మరి. అసలు మాట హ్యూనర్‌ఐవైస్, అంటే కోడిగుడ్డు తెల్లసొన. తను గుడ్డు తినదు కాబట్టి ఎలాగూ వద్దనుకునేదే, కానీ మాంసం తిన్నానన్న బాధ వేరు.

ఇది తెలిసిన మనిషికి అర క్షణం పని. పోషకాల పట్టికలో ఐవైస్ ఉంటే ప్రొటీన్, భయం లేదు. త్సూటాటెన్ అన్న మాట తర్వాత వచ్చే పదార్థాల జాబితాలో అయితే ముందున్న మాట చూడాలి: మిల్హ్ అని ఉంటే పాల ప్రొటీన్, హ్యూనర్ అని ఉంటే గుడ్డు. జర్మన్‌లో గుడ్డుని ఐ అంటారు, Ei అని రాస్తారు. అలాగని ఆ రెండు అక్షరాలు పక్కపక్కన కనబడినంత మాత్రాన గుడ్డేనని కంగారు పడొద్దు. గోధుమకి వాడే వైట్సెన్‌లోనూ అవే ఉంటాయి, పందికి వాడే ష్వైన్‌లోనూ అవే ఉంటాయి.

గుడ్డు విషయంలో చట్టం కూడా మనకి సాయం చేస్తుంది. 14 రకాల అలర్జీ పదార్థాలని జాబితాలో బోల్డ్‌గానో, మరో తీరులోనో విడిగా కనబడేలా అచ్చువేయాలి. గుడ్డు, పాలు, చేప, వేరుశనగ, నువ్వులు, ఆవాలు అందులో ఉన్నాయి. అయితే చాలామంది ఆ బోల్డ్ మాటలే చూసి ప్యాకెట్ బుట్టలో వేసుకుంటారు. పంది కొవ్వు, గొడ్డు మాంసం, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటీన్ ఆ 14లో లేవు. అవి మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. అందుకే నేర్చుకోవాల్సింది ముఖ్యంగా వీటిని: ఫ్లైష్ మాంసం, ష్వైన్ పంది, రింట్ గొడ్డు, హూన్ కోడి, ష్పెక్ ఉప్పు వేసిన పంది కొవ్వు, ష్మాల్ట్స్ కరిగించిన కొవ్వు, చాలావరకు పందిదే. జెలటీన్ కొన్ని రకాల తీపి పెరుగుల్లో, గమ్మీ మిఠాయిల్లో ఉంటుంది. ఎర్ర రంగుకి కర్మీన్ వేస్తే అది పురుగుల నుంచి తీసినది, ఇ 120 అని కూడా రాస్తారు. సూప్ పొడుల్లో బ్రూయె, అంటే ఉడికించి తీసిన రసం, అన్న మాట ముందు ఏముందో చూడండి: గెమ్యూజె అయితే కూరగాయలు, హ్యూనర్ అయితే కోడి.

మన దగ్గర ఆకుపచ్చ చుక్క చూసి కొనడం అలవాటు కాబట్టి ఇక్కడ వీ-లేబుల్ గుర్తు చూసుకుంటే చాలదా అంటారు. చాలదు. ఇండియాలో గుడ్డున్న వస్తువుకి ఆకుపచ్చ చుక్క ఇవ్వరు. ఇక్కడ "వెజిటారిష్" అన్నా గుడ్డు ఉండొచ్చు. "వేగన్" అని ఉంటే గుడ్డు ఉండదు, కానీ దాన్నే నమ్ముకుంటే పాలు, పెరుగు, నెయ్యి అన్నీ వదులుకోవాలి. మన శాకాహారానికి సరిగ్గా సరిపోయే గుర్తు ఇక్కడ లేదు. చీజ్ అయితే ఇంకా చిక్కు. దూడ కడుపు నుంచి తీసే లాబ్ అనే ఎంజైమ్‌ని జాబితాలో రాయనక్కర్లేదు, అందుకని నేను "మిక్రోబియెల్లెస్ లాబ్" (సూక్ష్మజీవుల నుంచి తీసిన లాబ్) అని రాసి ఉన్నదో, వెజిటారిష్ గుర్తున్నదో మాత్రమే కొంటాను.

బార్‌కోడ్ యాప్‌లు ఉన్నాయి, పేరున్న సరుకులకి పనికొస్తాయి. ఇండియన్ షాపు సులువే, కానీ ఖరీదెక్కువ, ప్రతి ఊళ్లోనూ ఉండదు. అయినా ఉప్మా రవ్వ కోసం అంత దూరం వెళ్లొద్దు, మామూలు షాపులో గ్రీస్ అని దొరుకుతుంది.

వేరుశనగ అలర్జీ లాంటిది ఉన్నవాళ్లు మాత్రం ఫోన్, మాటలు రెండూ వాడండి. "కాన్ ష్పూరెన్" అని మొదలయ్యే వాక్యాన్ని వదలొద్దు, అది ఆనవాళ్లు ఉండొచ్చని చెప్పేది.

మిగతా అందరికీ నా ఓటు మాటలకే. దీనికి ఇంకో కారణం బేకరీ. అక్కడ విడిగా అమ్మే రొట్టె మీద కెమెరా పెట్టడానికి లేబులే ఉండదు. అలర్జీ వివరాల ఫైలు అడిగితే చూపిస్తారు, కానీ అందులో ష్మాల్ట్స్ ఉండదు. నేనుండే ష్టుట్‌గార్ట్ వైపు బ్రెట్సెల్ అనే మెలికల రొట్టె పిండిలో ష్మాల్ట్స్ కలపడం పాత అలవాటు. కాబట్టి కౌంటర్ దగ్గర నోరు తెరిచి "ఇస్ట్ డా ష్మాల్ట్స్ డ్రిన్?" అని అడగాలి. నన్ను ఇంతవరకూ ఎవరూ విసుక్కోలేదు. లోపలికి వెళ్లి కనుక్కొని వచ్చి చెప్పినవాళ్లు కూడా ఉన్నారు.