నూనె డబ్బాకు వేసిన రంగు, సీసా అడుగున పూసిన పూలు: మూడేళ్ల వాడకం తర్వాత

మా గుమ్మానికి కట్టిన కూల్‌డ్రింక్ సీసా పూల తోరణాన్ని మొన్న ఉగాదికి దించి, సబ్బునీళ్లలో జాడించి మళ్లీ కట్టాను. మూడేళ్లయినా ఒక్క పువ్వూ ఊడలేదు. అప్పుడే ముచ్చటపడి రంగులేసిన ప్లాస్టిక్ నూనె డబ్బా మాత్రం ఆర్నెల్లకే పొలుసులు పొలుసులుగా రాలిపోయింది. మూడు రోజులు కూర్చుని వేసిన ముగ్గు అది, చాలా బాధేసింది.

తేడా అంతా డబ్బా అడుగున త్రికోణంలో, అది ఏ రకం ప్లాస్టికో చెప్పే అంకెలో ఉంది. కూల్‌డ్రింక్, మంచినీళ్ల సీసాలకు 1 ఉంటుంది. షాంపూ సీసాలకు, ఆ నూనె డబ్బాలాంటివాటికి ఎక్కువగా 2, ఐస్‌క్రీమ్ డబ్బాలకు 5. ఈ 2, 5 రకాలకు రంగు గానీ జిగురు గానీ సరిగా పట్టదు. ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, రంగు పట్టడానికి ముందుగా వేసే పూత, ప్లాస్టిక్ ప్రైమర్, వేశాకే అక్రిలిక్ రంగు కాస్త నిలిచింది. ఇప్పుడు వాటికి రంగు వేయడమే మానేశాను. షాంపూ సీసా నీలాన్ని నీలంగానే కత్తిరించి, కాల్చిన సూదితో చిల్లులు పెట్టి, సన్న రాగితీగతో కుడుతున్నాను.

కూల్‌డ్రింక్ సీసా అడుగు తిప్పి చూడండి. అయిదు రేకులు అప్పటికే ఉంటాయి! నడుమ మందంగా ఉంటుంది, కత్తెర దిగదు. దాన్ని వదిలేసి గాడి వెంట రేకులు విడదీయాలి. కొవ్వొత్తి మంటకు రెండంగుళాల పక్కన మెల్లగా తిప్పితే అంచు వణికినట్టు కదిలి, మందార రేకులా లోపలికి ముడుచుకుంటుంది. కోసిన అంచు పదును కూడా పోతుంది. మా పాప వేలు తెగాక ఈ పని ఒక్కసారి కూడా మానలేదు. కిటికీలు తెరిచే చేయండి. 3 అంకె ఉన్నది పీవీసీ అనే రకం ప్లాస్టిక్, దాన్ని మంట దగ్గరకే తీసుకెళ్లొద్దు, విషవాయువులు వస్తాయి.

నూనె వాసన పోవాలని ఒకసారి సీసాలో మరిగే నీళ్లు పోశాను, చూస్తుండగానే ముడుచుకుపోయింది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు చాలు. లేబుల్ జిగురుకు కొబ్బరినూనె రాసి పావుగంట ఉంచితే వచ్చేస్తుంది.

పడమటెండ పడే బాల్కనీలో మాత్రం ఏదీ పెట్టకండి. అక్కడ వేలాడదీసిన ఐస్‌క్రీమ్ మూతల పక్షి ఒక్క వేసవికే పెళుసెక్కింది, దించబోతే రెక్క చేతిలోనే విరిగి ముక్కలైంది. ఆ ముక్కలు ఏరడానికి గంట పట్టింది, మట్టిలో కలిసినవి దొరకనేలేదు. అందుకే ఇప్పుడు చేసేవన్నీ ఇంట్లోకే. సంక్రాంతి బొమ్మల కొలువులో చెరువు చుట్టూ పెట్టడానికి తామరలు కావాలన్నారు అత్తయ్యగారు. పదకొండు సీసాలు కడిగి ఆరబెట్టాను.