“ఆర్గానిక్ మందు” పేరుతో వస్తున్న సరైన లేబుల్ లేని పురుగుమందు సీసాలు కొనకండి: శ్రీకాకుళం, విజయనగరం రైతులకు హెచ్చరిక

మన రెండు జిల్లాల్లో కూరగాయలు పండించేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. వేపాకు బొమ్మ వేసి, “నూరు శాతం ఆర్గానిక్, మనుషులకు హాని లేదు” అని రాసిన సీసాలు అమ్ముతున్నారు. అలాంటి ఒక సీసా వల్ల మా బావ ప్రాణాల మీదికి వచ్చింది.

నాగావళి పక్కన మా చిన్నాన్నకు వంగతోట ఉంది. ఈసారి కాయతొలిచే పురుగు బాగా పట్టింది. ఇంట్లో పసిపిల్లలున్నారు, కాయలు కొనేది ఊళ్లోవాళ్లే. అందుకని ఆయన టౌనులో ఒక పురుగుమందుల షాపుకు వెళ్లి వేపమందు కావాలని అడిగారు. షాపతను ఈ సీసా ఇచ్చి, “గంటలో పురుగు రాలిపోద్ది. మాస్కు, గ్లౌజులు ఏటీ అక్కర్లేదు” అన్నాడట. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద “మందు” అని రాసి, ధర వేసి ఇచ్చాడు.

మందు కొట్టింది మా బావ. మామూలుగా అయితే నిండుచేతుల చొక్కా వేసుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుంటాడు. ఇది వేపమందేనని చెప్పడంతో ఆ రోజు బనియన్ మీదే దిగాడు. పంపు కారి వీపంతా తడిసింది. మధ్యాహ్నానికి నోట్లో నీళ్లూరడం, ఒళ్లంతా చెమటలు, కళ్లు మసకలు, వాంతులు. తర్వాత చేతుల కండరాలు వాటంతటవే అదరడం మొదలైంది. 108లో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరు మొదట అడిగింది ఒక్కటే: “ఏ మందు కొట్టాడు?” పిన్ని సీసా అందించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మందు పేరు లేదు, ఎంత శాతమో లేదు, విరుగుడు ఏమిటో లేదు. కంటిపాపలు సూదిమొనంత చిన్నవైపోవడం, మిగతా లక్షణాలు చూసి, ఇది ఆర్గానోఫాస్ఫేట్ (చాలా పురుగుమందుల్లో వాడే రసాయనం) రకం విషంలా ఉందని, దానికి విరుగుడైన అట్రోపిన్ మొదలుపెట్టారు. బావ కోలుకున్నాడు.

అందరికీ ఇలాగే జరుగుతుందని ధైర్యం పెట్టుకోవద్దు. ఆర్గానోఫాస్ఫేట్‌కు పనిచేసే వైద్యం వేరే రకం విషాలు చాలావాటికి పనిచేయదు. పారాక్వాట్ అనే గడ్డిమందుకైతే విరుగుడే లేదు. సీసా మీద పేరు లేకపోతే డాక్టరు ఎంత మంచివాడైనా లక్షణాలు ముదిరేదాకా చూసి, వాటిని బట్టి వైద్యం చేయాల్సిందే. ఆ ఆలస్యంలో మనిషి పోవచ్చు. మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా చనిపోయారు. మందు కొట్టేవాళ్లకు ముప్పు ఎప్పుడూ ఉంటుంది. ఒంటి మీద పడిందేమిటో తెలియకపోతే అది రెట్టింపవుతుంది.

చట్టం ప్రకారం ఇలాంటి సీసా షాపులో ఉండనే కూడదు. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద కేంద్రంలో రిజిస్టర్ కాని మందు అమ్మకూడదు. వేపలోని అజాడిరక్టిన్‌తో చేసిన మందులు, ట్రైకోడెర్మా, బ్యువేరియా లాంటి జీవ మందులు కూడా ఇందులోకే వస్తాయి. “బయో కదా, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు” అని ఎవరైనా అంటే నమ్మకండి. మొక్కల ఎదుగుదలకని అమ్మే బయోస్టిమ్యులెంట్లకు 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్తిస్తుంది. వాటిలో పురుగుమందు 0.01 పీపీఎం (పది కోట్ల వంతుల్లో ఒక వంతు) మించకూడదు. అలాంటి డబ్బా చూపించి పురుగు చస్తుందని చెబుతున్నారంటే అక్కడే ఏదో తేడా ఉంది.

“గంటలో రాలిపోద్ది” అన్న మాట దగ్గరే అనుమానించాలి. అసలైన వేపమందు పురుగును తిండి తిననివ్వదు, ఎదగనివ్వదు. దాని ఫలితం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. కొట్టిన వెంటనే పురుగు రాలిపోతుంటే, లోపల చెప్పకుండా కలిపిన రసాయనం ఉందేమోనని చూసుకోవాలి.

కొనేటప్పుడు లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. డబ్బా మీద రంగు గుర్తు కూడా ఉండాలి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది మందే, చేతులు కప్పుకునే కొట్టాలి. లోపల తెలుగు కరపత్రం ఉందో లేదో అక్కడే విప్పించి చూడండి. విష లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు అందులో ఉంటాయి. మందు పేరు, బ్యాచ్ నంబరు రాసిన బిల్లు ఇవ్వనంటే ఆ షాపులో కొనకండి. షాపులో ఇచ్చేదేదైనా కూరగాయలకు పనికొస్తుందనీ అనుకోవద్దు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు.

మాకు జరిగిన ఇంకో నష్టం కాయలది. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో లేబుల్ చెబుతుంది. ఇక్కడ ఆ వివరమే లేదు. కోతకొచ్చిన కాయలన్నీ చిన్నాన్న గొయ్యి తీసి పూడ్చేశారు. డబ్బు పోయింది, అయినా ఊళ్లో పిల్లల నోట్లోకి ఆ కాయలు వెళ్లనివ్వలేదు. ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

వంగలో ఈ పురుగుకు వాడిపోయిన కొమ్మలను ఎప్పటికప్పుడు పురుగుతో సహా తుంచి నాశనం చేయడం, లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను వాసనతో ఆకర్షించి పట్టేవి) పెట్టడం బాగా పనిచేస్తాయి. ముందు అవి చేయండి. అప్పటికీ తగ్గకపోతే వ్యవసాయ సహాయకుడిని గానీ ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలను గానీ అడిగి, పేరు తెలిసిన మందే కొట్టండి. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551లో తెలుగులోనే మాట్లాడతారు.

మందు ఒంటి మీద పడితే బట్టలు వెంటనే విప్పి, సబ్బు నీళ్లతో బాగా కడగాలి. కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా 108కి ఫోన్ చేసి, సీసా వెంట తీసుకెళ్లండి. విషాల గురించి ఢిల్లీ ఎయిమ్స్ సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117.

చిన్నాన్న దగ్గర సీలు తీయని సీసా ఇంకొకటి మిగిలింది. దాన్ని, ఆ తెల్లకాగితాన్ని మండల వ్యవసాయ అధికారికి చూపించి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాం. షాపులో శాంపిల్ తీసి ల్యాబుకు పంపే అధికారం వాళ్లకుంది. మీ ఇంట్లో ఇలాంటి సీసా ఉంటే విప్పకండి. కాలవలోనో చెరువులోనో పారబోయకండి, చేపలు చస్తాయి, ఆ నీళ్లు పశువులు తాగుతాయి. ఖాళీ అయిన సీసాలో తాగే నీళ్లు పట్టకండి. సీసా నాలుగు వైపులా ఫోటో తీసుకుని మీ మండల వ్యవసాయ అధికారికి అప్పగించండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.