పాములు పట్టే అబ్బాయి, మందస: నాలుగు స్టార్లు

మా జీడితోట మోటారు షెడ్డులో గిరినాగు (కింగ్ కోబ్రా) దూరితే ఇతనికి ఫోన్ చేశాం. చెప్పిన టైముకి రాలేదు, ఆ ఒక్క స్టారూ అందుకే కోశాను. పని మాత్రం నికరం.

కర్రలు పట్టుకున్న కుర్రాళ్లని ముందు దూరం పంపేశాడు. "దీన్ని చంపితే మీకే నష్టం బాబూ, ఇది తినేదే పాముల్ని. జెర్రిపోతులు, నాగుపాములు, కట్లపాములు కూడా" అన్నాడు. మెడ నొక్కకుండా, కొక్కెంతో మెల్లగా గొట్టంలోంచి సంచిలోకి పాకించాడు.

మా అమ్మాయి అడిగిందని అమెరికా కింగ్‌స్నేక్ సంగతీ చెప్పాడు. అదీ పాముల్ని తింటుంది గానీ విషం లేదు, చుట్టేసి బిగించి చంపుతుంది. రాటిల్‌స్నేక్ విషాన్ని బాగా తట్టుకుంటుంది. మన గిరినాగు 18 అడుగుల దాకా పెరుగుతుందట. ఆడది ఎండుటాకులు పోగేసి గూడు కట్టి గుడ్లకి కాపలా కూడా కాస్తుందట! మా అత్త ఇదేమీ వినకుండా పాలు తెస్తానంది. "పాము పాలు తాగదమ్మా" అని నవ్వేశాడు.

అటవీశాఖ వాళ్లకి కబురు పెట్టాకే తీసుకెళ్లాడు. డబ్బులడగలేదు, పెట్రోలుకి మేమే ఇచ్చాం. రాత్రిపూట ఒక్కోసారి ఫోన్ ఎత్తడు, చూసుకోండి.