బెల్టుకు నలుపు: సీసా డై మేలా, ఇనుప నీళ్లు మేలా?

చేత్తో బెల్టులు కుట్టడం మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. "అన్నా, నలుపుకు ఏ డై కొనాలె?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. పైగా ఈ ఎండాకాలమే నేనూ పద్ధతి మార్చుకున్నాను. ఇదంతా వెజ్ టాన్ తోలు, అంటే చెట్ల చెక్కతో పదును చేసిన తోలు సంగతి. క్రోమియం ఉప్పుతో పదును చేసే క్రోమ్ తోలుకు రంగు ముందే ఎక్కించి వస్తుంది, దాని జోలికి పోవద్దు.

సీసాల్లో దొరికే స్పిరిట్ డై, అంటే స్పిరిట్‌లో కలిపిన రంగుతో సుఖం ఏమిటంటే తొందరగా ఆరుతుంది, లోపలికి దిగుతుంది. చిక్కు కూడా ఆ తొందరతోనే. నల్లగొండలో ఏప్రిల్ మధ్యాహ్నం నలభై అయిదు అంగుళాల పట్టీకి గుడ్డతో రంగు పూస్తూ కొసకు వచ్చేసరికి బకిల్ దగ్గర ఆరిపోయి ఉంటుంది. వెనక్కి వచ్చి మళ్లీ పూస్తే ఆ అతుకు చారలా నిలబడిపోతుంది. నలుపు కాబట్టి రెండో పూతకు చార కలిసిపోతుందనుకోండి, కానీ అసలు తంటా అక్కడే మొదలవుతుంది. పూత మీద పూత వేస్తే తోలు తాగలేని రంగు పైనే పొడిలా కూర్చుంటుంది. ఆరాక వెలుతురుకు పెట్టి చూడండి. ఈగ వీపు మీద ఉండేలాంటి పచ్చటి మెరుపు కనిపిస్తే అది మిగిలిపోయిన రంగే. గుడ్డ నల్లబడటం ఆగేదాకా దాన్ని రుద్ది తీసెయ్యాలి.

నేను సరిగా రుద్దలేదు. ఆ బెల్టు మా బామ్మర్ది పెళ్లికి పెట్టుకుపోయాడు. ఎండ, చెమట, తెల్ల చొక్కా. సాయంత్రం ఫోన్ చేసి, "బావా, నీ బెల్టు పెట్టుకున్ననో బొగ్గుల బస్తా మోసిననో తెలుస్తలేదు" అన్నాడు. అందుకే మెరుపు, ధర నాకు తర్వాతి మాట. చెమటకు రంగు వదులుతుందా లేదా, మన ఎండల్లో బెల్టుకు అదే పరీక్ష. తడి తెల్లగుడ్డతో ఇరవైసార్లు రుద్ది చూడకుండా ఇప్పుడు ఏ బెల్టూ ఇవ్వను.

ఈ పరీక్షలో ఇనుప నీళ్లు, అంటే ఇనుము నానబెట్టిన వెనిగర్, గెలిచాయి. ఇది పూసే రంగు కాదు, తోలులోనే పుట్టే నలుపు. మన దిక్కు లందలో, అంటే తోళ్లు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్క వేసి పదును చేసేటప్పుడు తోలులోకి దిగే వగరు ఉంది చూశారా, దానికి ఇనుము తగిలితే నల్లబడుతుంది. కాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో పులియబెట్టి నల్ల గీత గీస్తారే, అదే లెక్క.

చేయడం తేలిక. కిరాణా కొట్టు తెల్ల వెనిగర్లో తుప్పు మేకులు వేసి రెండు వారాలు వదిలెయ్యండి. గిన్నెలు తోమే స్టీల్ పీచు వెయ్యొద్దు, అది స్టెయిన్‌లెస్ అయితే కరగదు. మూత బిగించొద్దు, లోపల గ్యాస్ పుడుతుంది. వాసన గురించి ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకోండి. వడకట్టి తోలు ముక్క మీద ఒక చుక్క వేస్తే, మొదట బూడిద రంగుగా ఉండి చూస్తుండగానే నల్లబడుతుంది. బూడిద దగ్గరే ఆగిపోతే తోలులో వగరు చాలదన్నమాట. చిక్కటి టీ డికాక్షన్ పూసి మళ్లీ వేసి చూడండి.

ఒక్క పని మాత్రం మానొద్దు. పులుపు తోలులో ఉండిపోతే కొన్నాళ్లకు తోలు పెళుసెక్కుతుంది. లీటరు నీళ్లలో చెంచా వంట సోడా కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడిగెయ్యాలి. సోడా ఎక్కువైనా చేటే. ఆపైన నీడలో ఆరబెట్టి, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే నూనె పట్టించాలి. నేను నీట్స్‌ఫుట్ నూనె, అంటే పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె, వాడతాను. చెప్పులకు ఆముదం రాయడం చూసి పెరిగినవాళ్లం కాబట్టి అదీ వాడి చూశాను. తోలు మెత్తబడింది కానీ నాలుగు చుక్కలు ఎక్కువైతే జిడ్డు, జిడ్డుకు దుమ్ము.

నీళ్ల డై పిల్లలతో చేయించే పనులకు బాగుంటుంది, బెల్టుకు వద్దు. గోధుమ రంగు కావాలంటే ఇనుప నీళ్లు పనికిరావు, ఆయిల్ డై తీసుకోండి. స్పిరిట్ కంటే సమంగా పడుతుంది, తోలునూ అంతగా బిరుసెక్కించదు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు పూయండి.

ఇక ఫినిష్, అంటే రంగు పైన వేసే చివరి పూత. యాక్రిలిక్ వేసేవాళ్లు సగం నీళ్లు కలిపి పల్చగా వేయండి. దట్టంగా వేస్తే రోజూ వంగే బెజ్జం దగ్గర పగుళ్లు వస్తాయి. నాకైతే తేనెమైనమే నచ్చుతుంది, గీత పడినా మళ్లీ రుద్దితే పోతుంది.

బామ్మర్దికి ఇనుప నీళ్ల బెల్టు ఒకటి కుట్టిచ్చాను. తీసుకున్నాడు. తీసుకునేముందు జేబులోంచి కర్చీఫ్ తీసి, తడిపి, నా ముందే రుద్దాడు.